తాళం వేసిన మెషిన్

మన వృద్ధాశ్రమానికి, మంచం మీంచి లేవలేని మనుషుల్ని ఎత్తే మెషిన్ కొనిపెట్టి, వాడితే పాడైపోతుందని స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేశారే, అది తప్పు మేనేజర్ గారూ. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంతవరకు తీయలేదు. మా నడుములకి మాత్రం ఏ కవరూ లేదు.

"నడుము వంచి ఎత్తకు, మోకాళ్లు వంచి ఎత్తు" అని గోడకి బొమ్మ అంటించారు. మోకాళ్లు వంచినా, మొక్కులు మొక్కినా మూలమంచం మామ్మగారి బరువు తగ్గదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కి, మళ్లీ మంచం మీదికి, అంతా నేనొక్కదాన్నే.

మొన్న ఎత్తుతుంటే నా నడుము కలుక్కుమంది. "అమ్మాయ్, నాకంటే ముందు నువ్వే ముసలిదానివయ్యేలా ఉన్నావే!" అంది మామ్మగారు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆ రోజు నుంచి ఆవిడ బాత్రూమ్‌కి పిలవడమే తగ్గించింది. హమ్మయ్య, పని తేలికైంది అనుకున్నాను.

ఇవాళ పొద్దున దుప్పటి మార్చడానికి వెళ్తే, గ్లాసులో నీళ్లు కిటికీ దగ్గరి పూలకుండీలో పోసేస్తోంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"ఇదేం పని మామ్మగారూ?"

"తాగితే వెళ్లాలి. వెళ్తే నువ్వు ఎత్తాలి కదే!"

రేపు కాఫీల వేళకల్లా స్టోర్ రూమ్ తాళంచెవి నా చేతికివ్వండి. ఇవ్వరా? అయితే అదే వేళకి ఆవిడ మంచం దగ్గరికొచ్చి, ఎందుకివ్వరో ఆవిడకే చెప్పండి.