పరీక్ష రోజు నాచు చారు

"టీవీ కట్టెయ్యవే! పరీక్ష నెత్తి మీద పెట్టుకుని సీరియళ్ళు చూస్తావా?"

మంచం మీంచి తల్లి గన్నాన్ అరిచిన అరుపుకి యోన్సిమ్ చేతిలోంచి రిమోట్ జారిపోయింది.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా, పెళ్ళి సీను వస్తోంది."

"వాళ్ళ పెళ్ళి వాళ్ళు చేసుకుంటారు. నువ్వు పుస్తకం తియ్యి."

యోన్సిమ్ మూతి ముడుచుకుని పుస్తకం తీసింది. చిన్నప్పటి నుంచీ ఇదే తంతు. పెళ్ళి వద్దనుకుని తల్లి దగ్గరే ఉండిపోయింది కాబట్టి తల్లి పెత్తనం కూడా ఎక్కడికీ పోలేదు.

దక్షిణ కొరియాలోని గిమ్జే ఊళ్ళో, బస్టాండు వెనక శిక్షణ కేంద్రంలో ఆమె చదువుతున్నది వృద్ధుల సంరక్షణ. పక్షవాతంతో తల్లికి ఎడమ వైపు చచ్చుబడిపోయాక తమ్ముడు గ్యూచల్ వృద్ధాశ్రమం మాట ఎత్తాడు. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటే యోన్సిమ్ ఇంట్లోనే తల్లికి అధికారికంగా సంరక్షకురాలు కావచ్చు. తప్పితే ఆశ్రమమే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగడం లేదు.

"అక్కా, మొండికెయ్యకు" అన్నాడు గ్యూచల్ ఆ ఆదివారం వచ్చి. "రెండు మంచాల గది దొరకడం ఎంత కష్టమో తెలుసా? కిటికీ పక్క మంచం అమ్మకని మరీ చెప్పి పట్టుకున్నాను."

"అమ్మ ఎక్కడికీ రాదు."

"పోయిన చలికాలం మంచు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. అమ్మని నువ్వు లేవనెత్తుతావా?"

"అది నేర్చుకోడానికేగా రోజూ బస్సెక్కి వెళ్తున్నాను!"

"సరే, పాసవు. పాసైతే మళ్ళీ ఆ గది ఊసెత్తను."

"విన్నావుగా, మాటిచ్చాడు" అంది గన్నాన్ మంచం మీంచి. "తప్పాడంటే చెవి మెలేసే పని నాది."

మాటైతే తీసుకున్నారు గానీ చదివింది చదివినట్టు ఆవిరైపోతోంది. నమూనా పరీక్షలు రెండూ తప్పింది యోన్సిమ్. తరగతిలో ఆమెకి అచ్చొచ్చిన వేషం ఒక్కటే. రోగిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడం చూపించాల్సి వచ్చినప్పుడల్లా అందరి కళ్ళూ ఆమె వైపే తిరిగేవి.

"రోగిగా అక్కే ఉండాలి" అనేది మిరాన్ అనే బొద్దు పిల్ల. "తేలిగ్గా ఉంటుంది. పైగా పడుకుందంటే అచ్చం రోగే!"

"రోజూ నేనే పడుకుంటే పని నేర్చుకునేదెప్పుడే? ఇవాళ నువ్వు పడుకో" అని ఒకరోజు యోన్సిమ్ నడుం బిగించింది. తీరా చూస్తే కుర్చీని చచ్చుబడిన వైపు పెట్టింది. మిరాన్ సగం కిందికి జారి కెవ్వుమంది. పాఠం చెప్పే హో మేడమ్ నుదురు కొట్టుకుంది.

ఆ సాయంత్రం తల్లితో సాధన చేస్తూ మళ్ళీ అదే తప్పు చేసింది. గన్నాన్ కుడి చేత్తో ఆమె జబ్బ మీద గట్టిగా గిల్లింది.

"అమ్మా! చంపేశావు!"

"ఈ గిల్లిన చెయ్యి ఎటుందో అటు పెట్టవే కుర్చీ. కదలని చేత్తో నేనేం పట్టుకోను?"

రోజుకో గిల్లుడు చొప్పున చదువు సాగింది. జబ్బ కమిలింది.

పరీక్ష ఉదయం గ్యూచల్ పెద్ద గిన్నెతో దిగాడు. మూత తియ్యగానే నువ్వుల నూనె వాసన గుప్పుమంది. సముద్రపు నాచు చారు.

"ఒరేయ్ బుద్ధిలేనోడా!" గన్నాన్ లేవబోయినంత పని చేసింది. "పరీక్ష రోజు నాచు చారా? ఆ జారుడు నాచు తింటే మార్కులన్నీ జారిపోవూ!"

"ఇవాళ అక్క పుట్టినరోజమ్మా! పుట్టినరోజుకి నాచు చారు లేకపోతే నువ్వేగా తిడతావు!"

"పుట్టినరోజు ఏటా వస్తుంది. పరీక్ష రాదు. ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టు."

యోన్సిమ్‌కి నోరూరుతోంది. తల్లి దిండు కింద నుంచి జిగురు మిఠాయి ముక్క తీసి ఆమె నోట్లో కుక్కింది. "అంటుకునేది తినాలి. నువ్వూ అలాగే పరీక్షకి అంటుకుపో."

"పళ్ళు జాగ్రత్తక్కా" అన్నాడు గ్యూచల్.

పరీక్ష గదిలో కంప్యూటర్ తెర మీద ఆ ప్రశ్న రానే వచ్చింది: ఎడమ వైపు పక్షవాతం వచ్చిన మనిషికి కుర్చీ ఎటు పెట్టాలి? యోన్సిమ్‌కి జబ్బ చురుక్కుమంది. నవ్వొచ్చింది. ఆ నవ్వుతో భయం పోయింది, మిగతావన్నీ చకచకా నొక్కుకుంటూ పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫలితం మెసేజ్‌తో ఫోన్ మోగింది. యోన్సిమ్ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "అక్షరాలు అలుక్కుపోతున్నాయిరా, నువ్వు చదువు" అని తమ్ముడికి అందించింది.

గ్యూచల్ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఏమైందిరా? చెప్పి చావు!" అంది గన్నాన్.

"పాసైంది" అన్నాడు గ్యూచల్. "అక్క పాసైందమ్మా!"

గన్నాన్ కుడి చేత్తో స్టీలు పళ్ళెం మీద చెంచాతో డప్పు వాయించింది. "మా పిల్ల! మా పిల్ల గెలిచింది!" యోన్సిమ్ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు. తర్వాత లేచి నాచు చారు వేడి చేసుకుని, జుర్రుకుంటూ గిన్నె అడుగు దాకా తాగింది.

గ్యూచల్ మాట మీద నిలబడ్డాడు. వాళ్ళ ముందే ఆశ్రమానికి ఫోన్ చేశాడు.

"గది వద్దండీ. అవును, రెండు మంచాలూ వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి."

"రెండూ ఏమిట్రా?" అంది గన్నాన్. "కిటికీ పక్కది నాకన్నావు. రెండోది ఎవరికి?"

గ్యూచల్ తల గోక్కున్నాడు.

రెండో మంచం, నిన్నటితో డెబ్బై ఆరేళ్ళు నిండిన యోన్సిమ్‌కి.