వేడికి తేలే పేరు

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో నేను దొంగ పక్షమే.

ఇప్పటి స్టీలు గిన్నెల మీద యజమాని పేరు వేడి తగిలితేనే ఉబ్బుతుంది, చల్లారితే నున్నగా మాయమవుతుంది. భ్రమరాంబ పులిహోర పెట్టి పంపిన గిన్నె ఎదురింటి హైమావతి దగ్గర్నుంచి తిరిగి రాలేదు. రుజువుతో పట్టుకుందామని భోజనం వేళకు వెళ్లి కూర్చుంది.

"వేడివేడిగా సాంబారు పొయ్యి వదినా!"

హైమావతి అచ్చం అలాంటి గిన్నెలోనే చల్లటి పెరుగన్నం తెచ్చింది. "వేడి మానేశాం వదినా, ఒంటికి పడట్లేదు. రేపు మీ ఇంటికొస్తాలే, నువ్వే పెడుదువుగాని వేడివేడిగా!"

భ్రమరాంబకు తన వంటింటి అలమర గుర్తొచ్చింది. అందులో హైమావతి గిన్నెలు మూడున్నాయి.

మర్నాడు ఆమె కూడా పెరుగన్నమే పెట్టింది. "మాకూ పడట్లేదు వదినా."

మీ ఇంట్లో వేడి చూడని గిన్నె ఎవరిదో నాకూ రాసి పంపండి.