తలుపు మీద గడ్డి

"ఈ గడ్డి వెంటనే తీసెయ్యాలి మేడమ్," అన్నాడు యోగానంద్, 305 నంబరు తలుపు వైపు వేలు చూపిస్తూ.

"తియ్యను," అంది షమీరాన్.

డెబ్భై అయిదేళ్ల మనిషి. వచ్చిన ఇంగ్లిష్ అంతంతమాత్రమే అయినా ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా అంది. ఆవిడ తలుపు మీద పచ్చగడ్డి కట్ట ఒకటి, వేళ్లతో సహా, తలకిందులుగా వేలాడుతోంది.

కెనడాలో, రిచ్‌మండ్ హిల్‌లోని ఆ కాండో అపార్ట్‌మెంట్ల బిల్డింగ్‌కి యోగానంద్ ఓనర్ల బోర్డు సెక్రటరీ. ఎన్నికై నెల కూడా కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, ఏ కంప్లయింట్ వచ్చినా గంటలో తేల్చేయాలని అతని పట్టుదల. పొద్దున్నే మెయిల్ వచ్చింది: మూడో అంతస్తులో ఒక తలుపుకి ఎండుటాకులు వేలాడుతున్నాయి, నిప్పంటుకుంటే ఎవరిది బాధ్యత అని. ఫోటో కూడా జత చేశారు. ఫోటో తెరవాల్సిన పనేముంది? తనదీ మూడో అంతస్తే. ఇంట్లోంచి బయటికొచ్చి లిఫ్ట్ వైపు నాలుగడుగులు వేయగానే ఈవిడ గడ్డి కనిపించనే కనిపించింది.

"ఎండుటాకులు కట్టారని కంప్లయింట్ వచ్చింది."

"ఎండుటాకులా? ముట్టుకుని చూడు. బయటంతా మంచు కదా, కిటికీ దగ్గర ట్రేలో గోధుమలు మొలకెత్తించాను. పొద్దున్నే పెరికి కట్టాను."

"ఇవాళ పచ్చగడ్డి, నాలుగు రోజులు పోతే ఎండుగడ్డి. ఆకైనా గడ్డైనా రూల్ ఒకటే. కారిడార్ వైపు తలుపుకి ఏమీ కట్టకూడదు. తియ్యకపోతే నోటీసు ఇవ్వాల్సొస్తుంది."

"ఇవాళ మాకు సంవత్సరాది. నీసాన్ నెల మొదటి రోజు. ఆరు వేల ఏడు వందల డెబ్భై ఆరో ఏడు మొదలవుతోంది. గుమ్మానికి గడ్డి కట్టకుండా ఎలా మొదలవుతుంది?"

ఏప్రిల్ ఒకటో తారీకున ఇలాంటి మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. యోగానంద్‌కీ వచ్చింది.

"ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారా? అసలు మీదే దేశం?"

"పుట్టింది సిరియాలో. మాకంటూ దేశం లేదు. మేం అస్సీరియన్లం."

"అస్సీరియన్లా! మా స్కూల్ పుస్తకంలో ఉండేది, రెక్కల ఎద్దు బొమ్మతో సహా. వాళ్లెప్పుడో పోయారు కదా మేడమ్!"

"పోయినవాళ్లకి నోటీసు ఎలా ఇస్తావు నాయనా?"

ఆవిడ ఆగలేదు.

"పందొమ్మిది వందల ముప్ఫై మూడులో ఇరాక్‌లో మా ఊళ్లు తగలబెడితే మా నాన్న నది దాటి సిరియా వచ్చాడు. మరుసటి ఏప్రిల్లో గుడారం గుంజకి గడ్డి కట్టారు. పదకొండేళ్ల కిందట అక్కడికీ తుపాకులతో వచ్చారు. ఫిబ్రవరి చలిలో కట్టుబట్టలతో బయటపడ్డాం. ఏప్రిల్లో అద్దె గది తలుపుకి నేనే కట్టాను. దీన్ని ఆపడం తుపాకులు పట్టుకున్నవాళ్ల వల్లే కాలేదు. ఇప్పుడు నువ్వు రూల్ పట్టుకుని వచ్చావు."

యోగానంద్ మనసు చివుక్కుమంది. జాలి కూడా వేసింది. కానీ జాలిపడి ఊరుకుంటే ఇవాళ గడ్డి, రేపు గొడుగులు, ఎల్లుండి సైకిళ్లు.

"సారీ మేడమ్. అందరికీ ఒకటే రూల్. నోటీసు ఇస్తాను. రేపు సాయంత్రం అయిదింటికి బిల్డింగ్ సూపరింటెండెంట్ వచ్చి తీసేస్తాడు."

"ఇవ్వు. కానీ అందులో అస్సీరియన్ అని రాయి. ఎక్కడికెళ్లినా సిరియన్ అంటారు, అరబ్బు అంటారు. లేకపోతే 'ఇతరులు' గడిలో పడేస్తారు. నా కాగితాల్లో ఒక్కదాని మీదా మా పేరు లేదు. నీ నోటీసు ఫ్రేమ్ కట్టించుకుంటాను."

లోపలికెళ్లి స్టూలు తెచ్చి, తలుపుకి అడ్డంగా వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇక కదలదని యోగానంద్‌కి అర్థమైంది.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాడు.

"ఏమైందండీ?" అంది భార్య ఝాన్సీలక్ష్మి.

"మొండి మనిషి. పండగట, తియ్యదట."

"పోనిద్దురూ. పండగ పూట ఒకళ్ల గుమ్మం జోలికి మనం వెళ్లడమేంటి?"

"పండగైతే? పద్ధతంటూ ఒకటుండాలిగా!"

నోటీసు టైప్ చేశాడు. అడిగింది కదా అని పేరు పక్కన అస్సీరియన్ అని కూడా రాశాడు. దాంతో పాటు కంప్లయింట్‌నీ ఫోటోనీ ఇవ్వడం ఆనవాయితీ. అన్నిటికీ కలిపి ప్రింట్ కొట్టాడు. కాగితాలు ఇంకా బయటికి వస్తుండగానే తలుపు చప్పుడైంది.

షమీరాన్! "ఏదీ నా నోటీసు?"

ఇలాంటి మనిషిని యోగానంద్ ఎక్కడా చూడలేదు. వేడివేడి కాగితాలు అలాగే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. తన పేరు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. మొహం వెలిగిపోయింది. తర్వాత ఫోటో చూసింది. తలెత్తి యోగానంద్ నెత్తి మీదుగా పైకి చూసింది. మళ్లీ ఫోటో చూసి, దాన్ని అతని వైపు తిప్పింది.

అందులో గడ్డి లేదు. పదమూడు రోజుల కిందట ఉగాదికి ఝాన్సీలక్ష్మి ఇండియన్ స్టోర్ నుంచి తెప్పించి కట్టిన మామిడాకులున్నాయి. గోధుమరంగుకి తిరిగి, చుట్టలు చుట్టుకుపోయి, గుమ్మానికి, తలుపు మీది 312 నంబరుకి పైన వేలాడుతున్నాయి. 312 తన ఇల్లే.

యోగానంద్ గుమ్మం దాటి వచ్చి తలెత్తి చూశాడు.

షమీరాన్ గబగబా తన గుమ్మం దాకా వెళ్లి, స్టూలు ఈడ్చుకొచ్చి, "అయితే మీవాళ్లూ ఇంకా పోలేదన్నమాట!" అంటూ ఆ ఎండు తోరణం కింద అడ్డంగా వేసుకుని కూర్చుంది.