ఆవగింజంత పలకలు

"మళ్ళీ పోయింది," అన్నాడు ఇంజనీరు, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి.

తెర మీద ఇంటి ప్లాను ఒక్క క్షణం బిగుసుకుపోయి, పాలిపోయి, మాయమైంది.

ఎదుటి టేబుల్ దగ్గర అతని భార్య తలెత్తి చూసి మళ్ళీ తన పనిలో పడింది. ఆ చిన్న ఆఫీసులో ఉన్నది వాళ్ళిద్దరే. గోడలు, తలుపులు, మెట్లు అతను గీస్తాడు. నేల మీద పరిచే పలకలు గీసి నింపడం, కొలతలు వేయడం ఆవిడ వంతు. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ అలాగే గీశారు. ఇప్పుడు గీస్తున్నది సొంత ఇల్లు. అనుమతి కోసం ప్లాను పంపడానికి ఇవాళ సాయంత్రం ఐదింటితో గడువు సరి. అది దాటితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి.

మధ్యాహ్నానికి బావమరిది వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని.

"రావోయ్ డాక్టరూ," అన్నాడు ఇంజనీరు. "ఊళ్ళోవాళ్ళ ప్లాన్లన్నీ గుండ్రాళ్ళలా ఉన్నాయి. నా ఇల్లు తెరిస్తేనే దీనికి మూర్ఛ. పై అంతస్తు వరకూ వెళ్తుంది, అక్కడ పడిపోతుంది."

"మెట్లెక్కితే ఆయాసమేమో బావా. యజమాని పోలిక."

"ముందు వాణ్ణి మంచినీళ్ళు తాగనివ్వండి," అంటూ ఆవిడ తమ్ముడి ముందు గ్లాసు పెట్టింది.

అతను కంప్యూటర్ విప్పాడు. దుమ్ము ఊదాడు. మెమరీ మార్చాడు. గీసే సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాడు. ఇంజనీరు గడియారం వైపు, బావమరిది వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏమైనా తేలిందా?"

"తేలింది బావా. మీరు మూడేళ్ళుగా దీన్ని తుడవలేదు."

ప్లాను తెరిచారు. కింది అంతస్తు చక్కగా వచ్చింది. పైకి వెళ్ళారు. బిగుసుకుంది, పాలిపోయింది, పోయింది.

"రోగం మెషీన్‌లో లేదు, ప్లానులోనే ఉంది," అన్నాడు బావమరిది. "పై అంతస్తులో ఒక్కో గదీ తీసేసి చూద్దాం."

స్నానాల గది తీసేశారు. పడిపోయింది. పడకగది తీసేశారు. పడిపోయింది. మూలగది తీసేశారు. ప్లాను నిలబడింది. పైకీ కిందికీ ఎంత తిప్పినా జింకపిల్లలా పరిగెత్తింది.

"ఇది ఎవరి గది బావా?"

"మా అమ్మది. ఆ రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుందా, పొద్దస్తమానం కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు, ఆ మిషన్ల మోత. డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఇంకా ఎందుకమ్మా ఈ గొడవంతా, వచ్చి మా దగ్గర హాయిగా పడుకో అన్నాను. 'నీ ఇష్టం నాన్నా' అంది. నా మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పదు."

బావమరిది ఆ గది నేల తాలూకు వివరాలు తెరిచాడు. మిగతా గదులన్నిటిలో అడుగు పొడవున్న పలకలు. ఇందులో మాత్రం ఆవగింజంత పలకలు. గది నిండా కోట్ల కొద్దీ పలకలు గీయలేక కంప్యూటర్ చేతులెత్తేస్తోంది.

అతను అక్క వైపు చూశాడు. ఆవిడ ముందే మొన తేలి ఉన్న పెన్సిల్ని చెక్కుతోంది.

"ఫైలు పాడైంది బావా," అన్నాడు గబగబా వివరాలు మూసేస్తూ. "ఏదో పురుగు పడింది."

కానీ ఇంజనీరు అతని కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"పోయినప్పుడల్లా ఈ గదిని కూడా మళ్ళీ గీశాను, నాలుగుసార్లు," అన్నాడు మెల్లగా. "నాలుగుసార్లూ పలకలు నింపింది నువ్వే."

భార్య పెన్సిల్ పక్కన పెట్టింది.

"ఒకసారైతే చెయ్యి జారిందనుకుందును."

"జారలేదండీ."

"ఇష్టం లేదని నోటితో చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు బాధపడతారని."

"ఇప్పుడు సంతోషంగా ఉన్నాననుకుంటున్నావా?"

నాలుగున్నరైంది. ఇంజనీరు కుర్చీలో కూర్చుని, మూలగది ఉన్నచోట ఖాళీ డాబా గీశాడు. పలకలు కూడా తనే నింపాడు. ప్లాను ఒక్కసారి కూడా పడిపోలేదు. పంపేసి లేచాడు.

"బాగా కుదిర్చావు డాక్టరూ," అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక తమ్ముడు నోరు విప్పాడు.

"ఏంటక్కా ఇది? నీకు జ్వరమొస్తే పది రోజులు నీ మంచం పక్కనుంచి కదల్లేదు మీ అత్తగారు. అంత ఇంట్లో ఆవిడకి ఒక్క గది ఇవ్వలేవా?"

"నీకు తెలీదులేరా."

"తెలిసింది కదా ఇప్పుడు. కోడళ్ళందరూ ఇంతేనని ఎవరైనా అంటే, మా అక్క అలాంటిది కాదని పోట్లాడేవాణ్ణి. ఇక పోట్లాడనులే."

ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. టేబుల్ మీద ఆవిడ ఫోను మోగింది.

"ఎవరో చూడరా, చేతులు తడిగా ఉన్నాయి," అంది లోపల్నుంచి.

చూశాడు. అక్కగారి అత్తగారు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తోచక, గొంతు సవరించుకుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే అటునుంచి ఆవిడ గొంతు తగ్గించి అడిగింది:

"నా గది పోయిందా అమ్మాయీ, ఇంకోసారి పడగొట్టాలా?"