మన నెట్

అరవై దాటిన అంకె అక్కడే ఆగిపోయింది.

కాసేపటికి తెర మీద మళ్ళీ ఆ పాత మాటే. అప్‌డేట్ కాలేదు, ఇంకోసారి ప్రయత్నించండి.

కింది వాటా అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

ల్యాప్‌టాప్ ఆఫీసు వాళ్ళది. ఉద్యోగం కొత్తది, ఇంకా పక్కా కాలేదు. ఈ అప్‌డేట్ ఇవాళ ఎక్కకపోతే రేపు పొద్దున లాగిన్ తెరుచుకోదని ఖరాఖండిగా చెప్పేశారు. భర్త పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు ఇల్లు నడిచేది ఆ లాగిన్ మీదే.

మొదటిసారి జాగా చాలలేదంది. పాత ఫైళ్ళన్నీ చెరిపేసింది.

రెండోసారి ఛార్జర్ పిన్ను వదులై మధ్యలో ఆరిపోయింది. పిన్ను కింద పుస్తకం ఎత్తుపెట్టి కదలకుండా చేసింది.

మూడోసారి అంతా సవ్యంగా సాగుతోందనుకుంటే, ఇదిగో, ఇలా.

ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. మీ నెట్ పోయింది, చూడండి."

చూసింది. వైఫై లిస్టులో ఎప్పుడూ మొదట కనిపించే 'మన ఇల్లు' లేదు.

ఈ వాటాలో దిగిన రోజు నెట్ సంగతి అడిగితే, ఇల్లుగలావిడ "ఉందమ్మా, పైనుంచి వస్తుంది" అంది. నొక్కగానే పాస్‌వర్డ్ కూడా అడగకుండా వచ్చేసింది. అద్దెలోనే కలిపి ఉంటారని, నెట్ డబ్బా పై వాటాలో పెట్టించి ఉంటారని ఆమె అనుకుంది. ఆ తర్వాత దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

పైన ఏదో ఈడుస్తున్న చప్పుడు.

పై వాటా పెద్దాయన ఇవాళ ఖాళీ చేస్తున్నాడు. ఒంటరి మనిషి, ఎవరి జోలికీ పోడు. మెట్ల మీద ఎదురైతే మాత్రం "మన నెట్ బాగా వస్తోందామ్మా?" అని అడిగేవాడు. ఈయనకెందుకో ఈ ఆరా, అనుకునేది.

ఒక్క ఉదుటున మెట్లెక్కింది.

గదంతా ఖాళీ. పెద్దాయన గోడవార గొంతుక్కూర్చుని నెట్ డబ్బాకి వైరు చుడుతున్నాడు. పక్కన ఓ గుడ్డసంచీ.

"ఏం చేస్తున్నారండీ?"

"సర్దుతున్నానమ్మా. ఇదొక్కటే మిగిలింది."

"పోతూ పోతూ దాన్ని కూడా మూట కడుతున్నారా?"

ఆయన చేతిలో వైరు ఆగిపోయింది.

"కింద నా ఉద్యోగం ఊడేలా ఉంది! మీవల్ల అప్‌డేట్ సగంలో ఆగింది. ఇంట్లో వస్తువు ఇంట్లోనే వదిలి వెళ్ళాలని తెలీదా? ఇంత వయసొచ్చి?"

సామాను మోస్తున్న వ్యాను డ్రైవరు గుమ్మంలో ఆగి పెద్దాయనను ఎగాదిగా చూశాడు.

పెద్దాయన తల దించుకున్నాడు.

"అయ్యో, నువ్వు పనిలో ఉన్నావని చూసుకోలేదమ్మా. ఉండు, ఉండు."

చుట్టిన వైరు విప్పాడు. ప్లగ్గు మళ్ళీ పెట్టాడు. డబ్బా మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"ఇంకేం భయం లేదు. మన నెట్ వచ్చేస్తుంది."

"మన ఏంటండీ, మన? ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారుగా. మా నెట్ అనండి."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు.

పెద్దాయన మాత్రం "అలాగేనమ్మా. మీ నెట్టే" అన్నాడు.

అంతటితో ఊరుకుందా? లేదు. గేటు దగ్గర నిలబడి, వ్యాను ఎక్కుతున్న మూటలన్నిటినీ కళ్ళతోనే సోదా చేసింది.

గుడ్డసంచీ వంతు వచ్చేసరికి పెద్దాయనే దాని ముడి విప్పి, ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. ఓ దుప్పటి, రెండు చొక్కాలు. మళ్ళీ ముడేసుకుని వ్యానెక్కాడు.

"అప్‌డేట్ అయిపోతుందిలే, కంగారు పడకు" అన్నాడు ఎక్కుతూ.

అప్పుడు ఆమెకు కాస్త సిగ్గేసింది. తప్పు చేసింది తను కాదుగా అని సర్దిచెప్పుకుంది.

సాయంత్రానికి అప్‌డేట్ ఎక్కింది.

"నేను చూడబట్టి సరిపోయింది. లేకపోతే డబ్బా చక్కా పోయేదే" అని భర్త దగ్గర గొప్పలు కూడా పోయింది.

మర్నాడు లాగిన్ తెరుచుకుంది. కొన్నాళ్ళకు ఉద్యోగం పక్కా అయింది.

ఆ కబురు వచ్చిన రోజే ఇల్లుగలావిడ పై వాటా కడిగించడానికి వచ్చింది. పని చూసుకుని దిగుతూ కింది గుమ్మం దగ్గర ఆగింది.

"పెద్దాయన తన నెట్ డబ్బా వదిలేసి పోయాడేమిటే అమ్మాయ్?"

"తన డబ్బానా? అది మీరు పెట్టించింది కదండీ?"

"నేనెక్కడ పెట్టించాను తల్లీ! ఆయనదే. కింద ఎవరు దిగినా వాడుకుంటారని పాస్‌వర్డ్ కూడా పెట్టుకోలేదు. నీకు ఆ రోజే చెప్పానుగా, పైనుంచి వస్తుందని."

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

గేటు దగ్గర విప్పి చూపించిన సంచీ కళ్ళ ముందుకొచ్చింది. దుప్పటి, రెండు చొక్కాలు. ఆయన నెట్‌తో నిలబెట్టుకున్న ఉద్యోగం కోసం ఆయన సంచీనే సోదా చేసింది. సిగ్గుతో ఇల్లుగలావిడ మొహం కూడా చూడలేకపోయింది.

"ఆయనకి... తెలియజేశారా?" అంది.

"ఇప్పుడే ఫోన్ చేశా. డబ్బా మర్చిపోయారు, పంపించనా అంటే ఏమన్నాడో తెలుసా?"

ఇల్లుగలావిడ చెప్పులేసుకుంటూ నవ్వింది.

"అది మనది కాదండీ, కింది అమ్మాయి వాళ్ళది అన్నాడు."