కలబెట్టిన నీళ్ళు

"వంతులూ వద్దు, గింతులూ వద్దు. ఛానల్ మొత్తం నాకే కావల్ల!"

కోమలి అరుపుకు వలల షెడ్డు మీద వాలిన కాకులు లేచిపోయాయి. ఆదివారం ప్రార్థన ముగించుకుని సరస్సు గట్టున ఇళ్ళకు పోతున్నవాళ్ళు అక్కడే ఆగిపోయారు. ఊరి పెద్ద జయరావు మాత్రం తల ఎత్తలేదు. ఒళ్ళో పరుచుకున్న వలకు తెగిన కన్ను కడుతూనే ఉన్నాడు.

"నిదానం కోమలీ. మీ అత్త నాగులమ్మ పోయినాంక ఇల్లు పంచినాము, పడవ పంచినాము. ఆయమ్మ పెట్టిన రొయ్యల వంటల ఛానల్ ఒకటే మిగిలింది. ఒక వారం నువ్వు వీడియో పెట్టు, ఒక వారం నీ తోడికోడలు స్టెల్లా పెడతాదని చెప్పినాను గదా?"

"చెప్పినావు మామా. నా వారంలో సూసేదానికి కాకి గూడా రాదు. ఆ మహారాణి వారంలో ఊర్లకు ఊర్లే వచ్చి పడతాయి. అత్త నేర్పిన కూరే నేనూ వండతా. అదే సట్టి, అదే పొయ్యి. ఆమెలో ఇంకేముండాది, మొగానికి రుద్దుకునే పౌడరు తప్ప?"

షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడ్డ స్టెల్లా పెదవి విరిచింది. ఆ కొత్త పచ్చచీర, జడలో ఆ కనకాంబరాలు, చేతిలో ఆ ఫోను, ఒక్కొక్కటీ కోమలి కంట్లో ఇసుకలా గరగరలాడుతున్నాయి. తన వంతు వచ్చిన రోజున కోమలి పెళ్ళినాటి పట్టుచీర కట్టింది. గొంతు తగ్గించి తేనె పూసినట్టు మాట్లాడింది. అయినా జనం రాలేదు. వచ్చినవాళ్ళు సగంలోనే పోయారు.

"కోర్టుకు పోతే తేలదా మామా?" అన్నాడు కోమలి మొగుడు ఏబెల్.

"పోయి అడిగినానబ్బా. ఇది ఇల్లు మాదిరి స్థిరాస్తా, నగ మాదిరి చరాస్తా అంటే లాయరే తల గోక్కున్నాడు. ఇంత కొత్త ఆస్తికి చట్టం ఇంకా సరిగ్గా కుదురుకోలేదంట."

"ఇల్లయితే నడిమధ్యన గోడ పెడతాము. పడవైతే అమ్మి పంచుకుంటాము. దీన్ని యాడ కోసేది?" అన్నాడు ఏబెల్.

"సరస్సును యాడ కోస్తా ఉండాము? నీళ్ళు ఎవురివీ కావు. వంతే మనది. నీ వంతులో నీ వలలో పడిన చేప నీది. నాకు తెలిసిన చట్టం అదొకటే. ఛానల్‌కూ అదే సరిపోతాది."

స్టెల్లా అప్పుడు నోరు తెరిచింది. "అట్లయితే ఇంకో మాట గూడా తేల్చు మామా. నేను వీడియో తీసే పొద్దంతా మా రెండిళ్ళ నడిమి తాటాకు దడి అవతల నుంచి అక్క నన్ను తిడతానే ఉంటాది. గిన్నెలు ఎత్తి నేలకేసి కొడతాది. నా ఫోన్లో ఆ రొద తీసేసేది నాకు చేతకాక అట్లనే పెట్టేస్తా ఉండాను. ఇది నా వంతు చెడగొట్టేది కాదా?"

జయరావు చేతిలో దారం ఆగింది. "నిజమేనా కోమలీ?"

కోమలి సరస్సు వైపు మొహం తిప్పుకుంది. తిట్టకుండా ఎలా ఉంటుంది? దడి అవతల ఆ నవ్వు వినబడితే చాలు, నోరు దానంతటదే లేస్తుంది.

"ఒకరి వంతులో ఇంకొకరు నీళ్ళు కలబెడితే మన ఊర్లో ఏం చేస్తాము?"

అందరికీ తెలిసిన సంగతే. కలబెట్టినవాళ్ళ వంతు పోతుంది. ఏబెల్ తల దించుకున్నాడు. పచ్చచీర పమిట సర్దుకుంటున్న స్టెల్లాను చూసి కోమలి పళ్ళు కొరికింది. రేపటి నుంచి ఆ ఛానల్ మొత్తం దానిదే. లోకమంతా దాని మొహమే చూస్తుంది.

జయరావు తీర్పు చెప్పబోతుండగా గట్టు మీద కారు ఆగింది. పక్షులను చూడవచ్చిన జంట కాబోలు, దిగి షెడ్డు వైపు వచ్చారు.

"అయ్యా, రొయ్యల వంటల ఛానల్ వాళ్ళ ఇల్లు యాడండీ?" అంది ఆమె.

జయరావు మొహం వెలిగింది. "చేపే నడిసొచ్చింది! యా వల కోసం వచ్చిందో దాన్నే అడిగితే పోలా? ఈమె ఎవురి కోసం వచ్చిందో వాళ్ళదే ఛానల్. ఇద్దరికీ సమ్మతమేనా?"

స్టెల్లా వెంటనే తల ఊపింది. గెలుపు ఎలాగూ తనదే. కోమలి మాత్రం ఎలా కాదంటుంది? తల ఊపక తప్పలేదు.

వచ్చినామె స్టెల్లాను చూడగానే గుర్తుపట్టింది. "మీరే గదా!" అని నవ్వుతూ అటు నడిచింది. స్టెల్లా కనకాంబరాల జడ ముందుకు వేసుకుని, కోమలి వైపు ఓరగా ఒక చూపు విసిరింది.

ఆ చూపుకు కోమలి ఆగలేకపోయింది.

"సింగారించుకోమ్మే, సింగారించుకో! రొయ్యకు తల యాడుండాదో తోక యాడుండాదో నేను చూపిస్తే గదా వొలిసేది నేర్చినావు! ఉప్పుకూ పంచదారకూ తేడా తెలీని మొగానికి ఛానలొకటి!"

నడుస్తున్నామె చటుక్కున ఆగింది. వెనక్కి తిరిగింది. మొగుడి చెయ్యి పట్టి లాక్కుంటూ పరుగున వచ్చి, కోమలి ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అక్కా, దడి అవతల నుంచి తిట్టేది నువ్వేనా! నీ తిట్లు వినేదానికే వడమాలపేట నుంచి వచ్చినాము, మా ఆయన్ను గూడా ఒక్కసారి తిట్టక్కా!"