పంటిగాటు

"వీడే కొరికాడు! టీసీ ఇచ్చి పంపిస్తారా, నన్ను పోలీసుల దగ్గరికి వెళ్లమంటారా?"

తండ్రి ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో ఆమె పక్క బెంచీ పిల్లాణ్ణి పట్టుకుని గదిలోకి వచ్చాడు. వెనకే హెడ్మాస్టరు. బడిపిల్లల పళ్లు చూడడానికి ఆరోగ్య శాఖ పంపిన డాక్టరమ్మ చేతిలోని అద్దం ట్రేలో పెట్టింది.

పాప ముంజేతి మీద పంటిగాట్లు. ఒకటి నిన్నటిది. దాని పక్కన మానినవి.

"నేను కాదు మేడం," అన్నాడు పిల్లాడు.

"పెన్సిళ్లన్నీ కొరికి పిప్పి చేసేది నువ్వేగా? క్లాసంతా నిన్ను ఎలకా అంటారటగా?" అన్నాడు తండ్రి.

"పెన్సిల్‌కి నొప్పి పుట్టదుగా సార్."

హెడ్మాస్టరు నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. "సమయానికి మీరున్నారు డాక్టరుగారూ. మీరే తేల్చండి. తేలకపోతే వీడికి టీసీ ఇచ్చేస్తాను. నాకీ గొడవలొద్దు."

పిల్లాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ మైనం రేకును వేడినీళ్లలో మెత్తబరిచింది. "గట్టిగా కొరుకు నాన్నా."

పిల్లాడు కొరికాడు. ఆమె ఆ రేకును పాప చేతి పక్కన పెట్టి చూసింది. రేకు మీద పైవరస గాట్లన్నీ పడ్డాయి. చేతి మీద మాత్రం నడుమ ఒక గాటు లేదు.

"వీడు కాదు. కొరికినవాళ్లకి పైన ముందు పన్ను ఒకటి లేదు."

"అయితే వాడెవడో తేల్చండి, వాడి సంగతి నేను చూస్తాను. నా బిడ్డ మీద ఈగ వాలనివ్వను!" అన్నాడు తండ్రి.

"మీరంతా కాసేపు బయట కూర్చోండి. పాప పళ్లు చూస్తాను."

తలుపు మూశాక కూడా పాప నోరు తెరవలేదు.

"ఇది ఉత్త అద్దమే తల్లీ. సూదీ లేదు, గీదీ లేదు."

పాప మెల్లగా తెరిచింది. కింది దవడ పన్ను సగం పుచ్చిపోయింది. చిగుళ్లకు చీము పట్టింది. డాక్టరమ్మ అద్దం పైకి తిప్పింది. ముందు పన్ను ఒకటి లేదు. పాలపన్ను ఊడి ఉంటుందిలే అనుకుంది. అనుకున్నదల్లా ఆగి, పాప చెయ్యి మళ్లీ చూసింది.

"నువ్వే కొరుక్కున్నావా?"

పాప తలూపింది.

"ఎందుకమ్మా?"

"రాత్రిళ్లు పన్ను నొప్పి పుడుతుంది. చెయ్యి కొరుక్కుంటే ఏడుపు బయటికి రాదు."

"పిచ్చితల్లీ, ఏడిస్తే ఏం? నాన్నకి తెలిసేది. ఎప్పుడో ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు."

"ఏడిస్తే నాన్న నిద్ర లేస్తాడు."

"లేస్తే లేవనీ!"

ఎవరో తలుపు తట్టారు. "తేలిందా డాక్టరుగారూ?" తండ్రి గొంతు.

పాప తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"ఒకసారి లేచాడు," అని పైపెదవి ఎత్తి, పన్ను లేని చోట వేలు పెట్టి చూపించింది.